కీళ్ళలోనికి దిగిన సోరియాసిస్



మోచేతులమీదను, మోకాళ్ళమీదను, తలలో వెండ్రుకల మొదళ్ళయందును ఎర్రని మచ్చలు లేచి, వానిపై తెల్లని పొలుసులు రాలుచుండు చర్మవ్యాధిని మన యిరుగుపొరుగున ఎన్నడును చూడనివారు తక్కువ. కొందరు దానిని తామర యందురు. కొందరు గజ్జి యందురు. తెలియనితనమువలన కుష్ఠమని భయపడి ఆ మనిషి ప్రక్కన కూర్చుండుటకు వెనుదీయువారును కలరు. అది సోరియాసిస్. తాకినందువలన గాని, ఒకే కంచములో తినినందువలన గాని, ఒకే పక్కపై పండుకొనినందువలన గాని అది ఒకరినుండి మరొకరికి సోకదు. ఈ మాట ఇప్పటికి చాలమంది చెవిని పడియే యున్నది. అయితే ఈ వ్యాధి కొందరిలో చర్మమును దాటి కీళ్ళలోనికి దిగుననియు, సోరియాసిస్ గలవారు పదిమంది యుండగా వారిలో ఇద్దరు ముగ్గురికి ఏదో యొక దశలో కీళ్ళు పట్టుకొనుననియు తెలిసినవారు అరుదు. దానినే సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అందురు. దానితో కాలము గడుపవలసినవారు తమ దినమును ఎట్లు నడుపుకొనవలెననునది ఈ పూట నేను చెప్పదలచిన విషయము.

చర్మమునకును కీళ్ళకును గల ఈ సంబంధమును మొట్టమొదట వ్రాతలో పెట్టినవాడు పారిస్ నగరపు చర్మవైద్యుడు ఆలిబేర్, 1818లో. అయినను ఆ పిదప నూరేండ్లకు పైగా దీనిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను కీళ్ళవాతముతో కలిపివేయుచునే వచ్చిరి. ఇంగ్లండులోని లీడ్స్ నగర వైద్యులు మాల్, రైట్ అనువారు 1973లో దీని రూపములను అయిదు విధములుగా విభజించి చూపిన తరువాత గాని, ఇది వేరొక వ్యాధి యను నమ్మకము లోకమున గట్టిపడలేదు. ఇంత పాతకథ చెప్పుటకు కారణము కలదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అను రక్తపరీక్షలో ఏమియు కనబడలేదను ఒక్క హేతువుచేత, "మీకు కీళ్ళవాతము లేదు, ఇవి వయసు నొప్పులే" యని ఇంటికి పంపివేయబడువారు మన పట్టణములలో నేటికిని కలరు. ఈ వ్యాధిలో ఆ పరీక్ష సాధారణముగా ఏమియు చూపదు. పరీక్షా పత్రముకంటె మడమయు, గోరును, తెల్లవారుజామున బిగిసిన నడుమును ఎక్కువ చెప్పును.

శరీరమును కాపాడవలసిన వ్యాధినిరోధక శక్తి, కంచెయే చేను మేసినట్లు, స్వంత చర్మముపైనను స్వంత కీళ్ళపైనను తిరుగబడుట ఈ వ్యాధికి మూలము. సాధారణముగా 30 మొదలు 50 ఏండ్ల నడుమ, అనగా మనిషి సంసారభారమును పూర్తిగా మోయు దినములలో, స్త్రీపురుష భేదము లేక ఇది వచ్చును. ఎక్కువమందిలో ముందు చర్మవ్యాధి కనబడి, పదేండ్లు గడచిన తరువాతనైనను కీళ్ళకు దిగవచ్చును. కొద్దిమందిలో కీళ్ళే ముందు పట్టును. కండరము ఎముకను పట్టుకొని యుండు చోట్లలో, ముఖ్యముగా మడమ వెనుకను అరికాలి క్రిందను శోథ, అనగా వాపుతో కూడిన మంట, పుట్టుట దీని ప్రత్యేక లక్షణము. మంచము దిగి మొదటి అడుగు వేయుటయే అట్టివారికి ఒక పరీక్ష. చేతి వ్రేలో కాలి వ్రేలో ఏదో యొక కణుపు గాక మొదటినుండి చివరి వరకు మొత్తముగా ఉబ్బును. గోళ్ళపై సన్నని గుంటలు పడును. గోరు తన క్రింది చర్మమును విడిచి పైకి లేచును. రాత్రి నిద్రించి లేచిన పిదప అరగంటకు పైగా కీళ్ళు బిగిసియుండి, కదలిన కొలదిని సడలును. మోకాలి అరుగుదలవలన కలుగు నొప్పికి ఇది విపరీతము. ఆ నొప్పి నడచిన కొలదిని హెచ్చును, కూర్చున్నచో తగ్గును.

కదలిన కొలదిని బిగువు సడలునను ఈ లక్షణమును శ్రోతలు మనసున నిలుపుకొనవలెనని కోరుచున్నాను. నేను చెప్పబోవు దినచర్య యంతయు దానిమీదనే ఆధారపడి యున్నది. మన కుటుంబములలో ఒకరికి కీళ్ళు పట్టినవని తెలిసినంతనే తక్కినవారి ప్రేమ యొక్కసారిగా ఉప్పొంగును. "నీవు లేవకు వదినా, నీళ్ళు నేను పట్టెదను" అని తోడికోడలును, "మెట్లు దిగకు నాన్నా, పత్రిక నేను తెచ్చెదను" అని కుమారుడును, ఎవరికి వారే ఆ మనిషి చేతిలోని పనిని లాగికొందురు. ఆ ప్రేమకు నమస్కరించుచునే, అది దారితప్పిన ప్రేమ యని చెప్పక తప్పదు. ఈ వ్యాధిలో కదలని కీలు మరింత బిగియును. బిగిసిన కీలు చుట్టునున్న కండరము సన్నగిల్లును. కండరము సన్నగిల్లినచో కీలుమీది బరువు హెచ్చును. బరువు హెచ్చినచో నొప్పి పెరుగును. నొప్పి పెరిగినచో కదలుట మరింత తగ్గును. కుర్చీలో కూర్చుండబెట్టి సమస్తమును చేతికందించు ఇల్లు, తనకు తెలియకుండనే ఆ చక్రమును త్రిప్పుచున్నది. వాచి ఎర్రబారి వేడిగానున్న కీలునకు ఒకటి రెండు దినములు విశ్రాంతి నీయవలసినదే. మనిషికి మొత్తముగా విశ్రాంతి నిచ్చుట వేరు.

కావున దినము ఎట్లు ఆరంభము కావలెను? పక్కమీద నుండగనే మొదలు కావలెను. లేచి కూర్చుండుటకు ముందే పాదములను పైకిని క్రిందికిని వంచుట, చీలమండలను గుండ్రముగా త్రిప్పుట, పిడికిలి ముడిచి విప్పుట, మోకాళ్ళను ఒకదాని తరువాత నొకటి పొట్టవైపు లాగికొనుట, ఈ చిన్న కదలికలకు పది నిమిషములు చాలును. పిదప గోరువెచ్చని నీటి స్నానము బిగువును సడలించును. చేతులకు మాత్రమైనను వేడినీటి గిన్నె చాలును. నీరు మరీ వేడిగా నుండరాదు, ఏలయనగా అది చర్మమును ఎండగొట్టి పొలుసులను హెచ్చించును. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, ఆ తరువాత వంటకు కూర్చుండు అలవాటు గల గృహిణులకు నాదొక మనవి. మీ కీళ్ళకు మిక్కిలి కష్టమైన గడియలోనే మీరు మిక్కిలి బరువైన పనులను పెట్టుకొన్నారు. ముగ్గు ఒక గంట ఆలస్యమైనంత మాత్రమున లక్ష్మీదేవికి కోపము రాదు. బరువు పనులను పగటి పదిగంటల తరువాతకు జరుపుకొనుడు. అత్తగారు ఆక్షేపించినచో ఈ ప్రసంగమును ఆమెకును వినిపించుడు.

వ్యాయామ విషయమున మన దేశమున ఉన్న భయము నిష్కారణమైనది. నార్వే వైద్యులు ఈ వ్యాధిగ్రస్తులచేత పదకొండు వారములపాటు, నడుమ నడుమ విరామములతో, గుండె వేగముగా కొట్టుకొనునంతటి తీవ్రమైన వ్యాయామము చేయించి 2018లో ఫలితములను ప్రకటించిరి. వారిలో వ్యాధి తీవ్రత పెరుగలేదు, అలసట తగ్గినది. అంతటి తీవ్రత అందరికిని అక్కరలేదు. వారమున అయిదు దినములు, దినమునకు అరగంట, మాటలాడుటకు వీలుండి పాట పాడుటకు వీలుకానంత వేగముతో నడచుట మొదటి మెట్టు. మడమ నొప్పి అధికమైనవారికి ఈత గాని, నిలిచిన సైకిలు త్రొక్కుట గాని మేలు. వారమునకు రెండు పర్యాయములు తొడలకును, భుజములకును బలము కలిగించు వ్యాయామము కూడ చేయవలెను. గోడకు చేతులానించి త్రోయుట, కుర్చీలోనుండి చేతుల సాయము లేక లేచి కూర్చుండుట వంటివి ఇంటిలోనే చేయదగినవి. యోగాసనములు మంచివే. కాని మోకాలు వాచియుండగా వజ్రాసనమును, మణికట్టు నొచ్చుచుండగా సూర్యనమస్కారములును పట్టుదలతో చేయుట యోగము కాదు, హింస. వ్యాయామము చేసిన రెండు గంటల తరువాత కూడ నొప్పి ముందటికంటె హెచ్చుగా నిలిచినచో, మరునాడు పరిమాణమును తగ్గింపవలెనే గాని పూర్తిగా మానరాదు.

ఇంటిలోని వస్తువులవైపు ఇక చూపు త్రిప్పుదము. నేలపై కూర్చుండి కత్తిపీటతో కూరలు తరుగుట, చన్నీటిలో దుప్పట్లు నానవేసి పిండుట, నిండు బిందెను నడుమున పెట్టుకొని తెచ్చుట, ఇవన్నియు చిన్న కీళ్ళమీద పెద్ద భారమును మోపునట్టివి. బల్లపై పలక పెట్టి లావుపిడి గల చాకుతో తరిగినచో వ్రేళ్ళు బ్రతుకును. గరిటెకును, కలమునకును గుడ్డ చుట్టి పిడిని లావు చేసికొనినచో పిడికిలి బిగింపవలసిన అవసరము తగ్గును. బిందెను సగము నింపి రెండుసార్లు తెచ్చుట సిగ్గుపడవలసినది కాదు. నేలబారు మరుగుదొడ్డి ఉన్న యిండ్లలో కమోడుగాని, కుర్చీ అమరికగాని ఏర్పరచుటవలన మోకాళ్ళకు కలుగు ఉపశమనము, ఎన్నియో తైలములు మర్దించినను కలుగదు.

పాదముల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. ఇంటిలో చెప్పులు వేసికొనుట మనకు అనాచారము. రాతినేలలమీదను, పాలరాతి పలకలమీదను వట్టికాళ్ళతో దినమంతయు తిరుగు మడమకు, అక్కడనే శోథ పుట్టించు ఈ వ్యాధి తోడైనచో కలుగు బాధ వర్ణనాతీతము. ఇంటికొరకే మెత్తని చెప్పుల జత నొకదానిని వేరుగా ఉంచుకొనుడు. దేవుని గది గడప వద్ద మాత్రము విడువుడు. ఆచారమును వదలుకొనకుండనే మడమను కాపాడుకొనవచ్చును. పోచంపల్లిలోను, మంగళగిరిలోను గుంటమగ్గములో కూర్చుండి దినమంతయు కాళ్ళతో త్రొక్కుచు, చేతులతో నాడెను ఆడించు నేతగానికి ఈ వ్యాధి వచ్చినచో, అతని జీవనోపాధియే అతని కీళ్ళకు శత్రువగును. అతనిని పని మానుమనుట సులభము. పిల్లలకు అన్నమెవరు పెట్టుదురు? గంటకొకసారి గుంటనుండి లేచి నాలుగడుగులు వేయుటయు, కూర్చుండు పీఠము ఎత్తును మార్చుటయు, త్రొక్కు పలకమీద మెత్త వేయుటయు అతడు చేయదగిన పనులు. కంప్యూటరు ముందు ఎనిమిది గంటలు కూర్చుండు హైదరాబాదు ఉద్యోగికిని ఇదే గంట నియమము వర్తించును.

ఇక ఆహారము. కీళ్ళనొప్పి యనగానే వంకాయ వద్దు, గోంగూర వద్దు, దుంపలు వాతము చేయును అని నిషేధముల పట్టిక నొకదానిని చదువు పెద్దలు ప్రతి యింటనున్నారు. ఈ కూరలు సోరియాటిక్ ఆర్థ్రైటిస్‌ను హెచ్చించునను రుజువు లేదు. గోధుమ మానినచో కీళ్ళు బాగగునను క్రొత్త మాటయు, గోధుమ సరిపడని సీలియాక్ వ్యాధి యున్నట్లు పరీక్షలో తేలినవారికి తప్ప తక్కినవారికి వర్తించదు. వంకాయను వెలివేసి, మూడు పూటల గుట్టగా వరి యన్నము తినుచుండు పథ్యమువలన ఏమి ప్రయోజనము? ఈ వ్యాధిలో నిజముగా లెక్కకు వచ్చునది శరీరపు బరువు. కొవ్వు కణములు ఊరకుండునవి కావు. అవి శోథను పెంచు పదార్థములను నెత్తురులోనికి వదలుచునే యుండును. స్థూలకాయులైన రోగులకు శోథను అణచు ఖరీదైన బయోలాజిక్ మందులను ఇచ్చుచు ఇటలీ వైద్యులు 2014లో ప్రకటించిన పరిశోధనలో, శరీరపు బరువులో నూటికి అయిదు వంతులైనను తగ్గినవారికి వ్యాధి అణగుట, తగ్గనివారికంటె స్పష్టముగా హెచ్చుగా కనబడెను. ఎనుబది కిలోల మనిషికి అది నాలుగు కిలోలు మాత్రమే. ఒక కిలో తగ్గినచో నడకలో మోకాలిమీద పడు భారము అడుగడుగునను నాలుగు కిలోలు తగ్గునని మరియొక పరిశోధన చెప్పుచున్నది. నాలుగు నాలుగులు పదునారు కిలోలు. దినమునకు ఎన్ని వేల అడుగులో శ్రోతలే లెక్క వేసికొనవచ్చును.

అందుకు ఉపవాసములు అక్కరలేదు. కంచములో సగము కూరలును, ఆకుకూర పప్పును, పావుభాగము అన్నమో జొన్నరొట్టెయో రాగిసంకటియో యుండి, మిగిలిన పావు పెసలు, శనగలు, చేపలు, గ్రుడ్డు, మజ్జిగలతో నిండినచో చాలును. ఆవకాయను పూర్తిగా మానుమనువాడను కాను. దానిలోని ఉప్పు రక్తపోటునకు మంచిది కాదు గనుక పరిమాణము తగ్గింపుమని మాత్రము చెప్పుదును. ఈ వ్యాధి యున్నవారికి గుండెజబ్బు, మధుమేహము వచ్చు అవకాశము తక్కినవారికంటె హెచ్చు. కావున రక్తపోటును, చక్కెరను, కొలెస్టరాలును ఏటేట పరీక్షించుకొనుటయు దినచర్యలో భాగమే.

పొగాకు విషయమున మెత్తని మాటలు నాకు రావు. అమెరికా కీళ్ళవైద్య నిపుణుల సంఘము, సోరియాసిస్ సంస్థతో కూడి 2018లో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో చాలవరకు "సందర్భమును బట్టి" యను షరతుతో చెప్పబడినవే. పొగత్రాగుట మానవలెనను సూత్రమును మాత్రము ఎట్టి సంకోచమును లేక గట్టిగా చెప్పిరి. బీడీయైనను, సిగరెట్టైనను, శ్రీకాకుళ తీరమున స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని కాల్చు అడ్డపొగ చుట్టయైనను భేదము లేదు. పొగాకు మందుల పనితనమును కూడ తగ్గించును. మద్యపానము చర్మవ్యాధిని రేపును. మెథోట్రెక్సేట్ వాడువారికి కాలేయమును కూడ చెరచును.

మెథోట్రెక్సేట్ పేరు వచ్చినది గనుక ఒక హెచ్చరిక. ఈ వ్యాధికి సాధారణముగా వ్రాయు ఆ మాత్రను వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలెను. తక్కిన మాత్రలవలె ప్రతిదినమును మ్రింగినచో ప్రాణాపాయము. అట్లు జరిగిన సందర్భములు వైద్యలోకమునకు సుపరిచితములు. గోడమీది క్యాలెండరులో ఆ దినమును ఎర్రసిరాతో గుర్తించి, ఇంటిలో చదువుకొన్న మరియొకరిని సాక్షిగా పెట్టుకొనుడు. గర్భము ధరింపదలచిన స్త్రీలు ముందుగనే వైద్యునికి తెలుపవలెను. ఒక్క వారములో కీళ్ళు విడివడునని చెప్పి అమ్ము పేరులేని పొడులను, ఉండలను నమ్మకుడు. అట్టివానిలో చాటుగా స్టెరాయిడ్లు కలిపినవి పట్టుబడుట తరచుగా జరుగుచున్నది. అవి మానినంతనే సోరియాసిస్ మునుపెన్నడు లేనంత ఉగ్రముగా తిరుగబడవచ్చును. నేను చెప్పిన నడకయు, ఆహారమును మందునకు ప్రత్యామ్నాయములు కావు. మందు పూర్తిగా పనిచేయుటకు శరీరమును సిద్ధపరచునవి మాత్రమే.

చర్మమును గాయపడనీయకుండ చూచుకొనవలెను. ఈ వ్యాధిలో గీత పడిన చోటనే, ఒరసికొనిన చోటనే క్రొత్త మచ్చ లేచునని జర్మను వైద్యుడు కోబ్నర్ పందొమ్మిదవ శతాబ్దముననే గుర్తించెను. బిగుతైన మొలత్రాడు, నడుమును కోయు లంగా బొందు, గట్టి పీచుతో ఒళ్ళు రుద్దుట, గోళ్ళతో పొలుసులు గీకుట, ఇవి విడువదగినవి. స్నానమైన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకమునుపే కొబ్బరినూనెయో వైద్యుడు చెప్పిన లేపనమో పట్టించినచో చర్మము మెత్తగా నుండును. ఉదయపు లేత ఎండ మేలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో చర్మము కమలినచో కీడు.

మనసును గూర్చి చెప్పక పోయినచో ఈ ప్రసంగము సగమే యగును. వేదన నిద్రను చెరచును. నిద్రలేమి వేదనను పెంచును. దుఃఖము రెండింటిని పోషించును. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు కూతురి మోచేతులను నిండు రవికలో దాచు తల్లులను, పదిమందిలో చేయి చాపి ప్రసాదము పుచ్చుకొనుటకు జంకు పురుషులను తలచుకొనినచో, ఈ వ్యాధి పెట్టు బాధలో ఎంత భాగము మనము పెట్టునదియో తెలియును. ప్రపంచ ఆరోగ్య సభ 2014లో సోరియాసిస్‌ను గూర్చి తీర్మానము చేయుచు, రోగులు ఎదుర్కొను వివక్షను ప్రత్యేకముగా పేర్కొనెను. రోగి ప్రక్కన కూర్చుండి భోజనము చేయుడు; సాయంకాలము అతనితో కూడ నడకకు బయలుదేరుడు. పని లాగికొనుటకంటె తోడు నడచుట మేలైన ప్రేమ.

చివరగా, సోరియాసిస్ ఉండి ఈ మాటలు వినుచున్న శ్రోతలకు నా విన్నపము. ఈ రాత్రియే దీపపు వెలుతురున మీ గోళ్ళను చూచుకొనుడు. రేపు ఉదయము లేవగానే మడమ నొచ్చుచున్నదో, వ్రేళ్ళు ఎంతసేపు బిగిసియున్నవో గమనింపుడు. కన్ను ఎర్రబారి, నొప్పితో వెలుగును చూడలేకున్నచో ఆనాడే నేత్రవైద్యుని దర్శింపుడు; ఈ వ్యాధి కంటికిని వ్యాపింపవచ్చును. చర్మవైద్యుడు అడుగకపోయినను కీళ్ళ సంగతి మీరే చెప్పుడు, కీళ్ళ వ్యాధుల నిపుణుని వద్దకు పంపుమని కోరుడు. ఐర్లండులో 2015లో వెలువడిన పరిశోధనలో, లక్షణములు కనబడిన పిదప నిపుణుని చేరుటకు ఆరు నెలలు ఆలస్యమైనవారి కీళ్ళలో ఎముక తినివేయబడుట, చేతులకు కాళ్ళకు పనితనము సన్నగిల్లుట హెచ్చుగా కనబడెను. ఆ ఆరు నెలలను పోగొట్టుకొనకుడు.